రెయిన్‌బో కుకీ డైరీ: అమ్మ చేతి బాదం ముద్దతో

నవంబరు 15, శనివారం

డిసెంబరు 13న మా వీధిలో కుకీల పంపకం ఉంది. ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో రకం ఐదేసి డజన్లు చేసి తెస్తారు. అన్నీ ఒక బల్ల మీద పెట్టి, తలా కొన్ని డబ్బాల్లో సర్దుకుని ఇళ్లకు వెళ్తారు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్‌కి వచ్చి ఆరేళ్లయింది. ఇన్నాళ్లూ నేను కొన్న జీడిపప్పు బిస్కెట్లే పట్టుకెళ్లాను. ఈసారి రెయిన్‌బో కుకీలు చేస్తానని పేరు రాయించాను.

న్యూజెర్సీలో, న్యూయార్క్‌లో ఉండేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. ఏ ఇటాలియన్ బేకరీలోకి వెళ్లినా అద్దాల వెనక వరసగా కనిపిస్తాయి. కింద ఆకుపచ్చ, మధ్యలో తెలుపు, పైన ఎరుపు, పొరల మధ్య ఆప్రికాట్ జామ్, పైనా కిందా నల్లటి చాక్లెట్. పేరుకి కుకీ గానీ నిజానికి బాదం కేకు ముక్క. కేకు పొరలు మూడు, జామ్ పొరలు రెండు, చాక్లెట్ పొరలు రెండు, మొత్తం ఏడు. అందుకే కొందరు సెవెన్ లేయర్ కుకీ అంటారు. వెనీషియన్ అనీ, ట్రైకలర్ అనీ పిలిచేవాళ్లూ ఉన్నారు. మా పాపకు తొమ్మిదేళ్లు. పుట్టినరోజుకి కేకు వద్దు, ఇవి కొనమని అడుగుతుంది.

ఇవాళ మొదటి ప్రయత్నం. కొలతలు: బాదం ముద్ద 225 గ్రాములు, చక్కెర 200, ఉప్పు లేని వెన్న 280 (ఇక్కడి కడ్డీల లెక్కలో రెండున్నర), గుడ్లు 4, మైదా 250, అర చెంచా ఉప్పు, చెంచా ఆల్మండ్ ఎక్స్‌ట్రాక్ట్ (బాదం వాసన సారం). 9 అంగుళాలు 13 అంగుళాల ట్రేలు. ఓవెన్ 350 డిగ్రీల ఫారెన్‌హీట్, మన లెక్కలో దాదాపు 175 సెల్సియస్.

తప్పు దుకాణంలోనే మొదలైంది. బాదం ముద్ద, మార్జిపాన్ పక్కపక్కనే ఉన్నాయి, ట్యూబులు ఒకేలా ఉన్నాయి. మార్జిపాన్ తెచ్చాను. రెండిట్లో ఉండేదీ బాదం, చక్కెరే. అయితే మార్జిపాన్‌లో చక్కెర బాగా ఎక్కువ, నునుపుగా ఉంటుంది, బొమ్మలు చేయడానికి పనికొస్తుంది. కుకీకి కావాల్సింది బాదం ఎక్కువగా, కాస్త బరకగా ఉండే ముద్ద. ఓవెన్ వేడెక్కాక గానీ చూసుకోలేదు. అప్పటికి గుడ్లు కొట్టేసి ఉన్నాను, అదే వేసేశాను.

నవంబరు 16, ఆదివారం

ఉదయం కోశాను. ఏమేం జరిగాయో మర్చిపోకముందే రాస్తున్నాను.

చాక్లెట్ పగిలింది. కత్తి పెట్టగానే పెచ్చులుగా లేచిపోయింది, కింద కేకు బయటపడింది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే కోయడం వల్ల అలా అయింది.

పొరలు సమంగా లేవు. పిండిని కంటితో మూడు వాటాలు చేశాను. ఆకుపచ్చ లావుగా, ఎరుపు పల్చగా వచ్చాయి. పల్చటిది త్వరగా వేగిపోయి అంచులు గట్టిపడ్డాయి.

తీపి మరీ ఎక్కువ. మార్జిపాన్ తెచ్చినప్పుడు చక్కెర తగ్గించాలి, నేను తగ్గించలేదు.

మార్జిపాన్ గడ్డలు అక్కడక్కడా పంటికి తగిలాయి. చక్కెరా, వెన్నా, మార్జిపానూ ఒకేసారి గిన్నెలో వేసి బీటర్ తిప్పితే వెన్న మెత్తబడి గడ్డల చుట్టూ జారిపోతుంది, గడ్డ మాత్రం విడదు.

అన్నిటికన్నా వింత ఎరుపు పొర. బాటిల్ రంగు చుక్కలు లెక్కపెట్టి ఇరవై వేశాను. పిండిలో పచ్చసొనా వెన్నా ఉంటాయి కదా, అసలే పసుపు. ఆ పసుపులో ఎరుపు కలిసి నారింజ అయింది. పైన కాషాయం, మధ్యలో తెలుపు, కింద ఆకుపచ్చ. పాప ముక్కను నిలబెట్టి చూసి "అమ్మమ్మా, ఇది ఇండియా జెండా!" అని అరిచింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి కళ్లజోడు సవరించుకుని మరీ చూసింది.

అమ్మ తెనాలి నుంచి అక్టోబరులో వచ్చింది, ఏప్రిల్ దాకా ఉంటుంది. గుడ్డు ముట్టదు. అందుకని రుచి చూడలేదు గానీ, ఖాళీ ట్యూబు తీసి వాసన చూసింది. "ఇందులో బాదం ఎక్కడుందే? చక్కెర వాసనే వస్తోంది. బాదం కట్లీకి నూరినట్టు మనం ఇంట్లో నూరుకోలేమా?" అంది.

నాకు ఆ ఆలోచనే రాలేదు.

నవంబరు 22, శనివారం

ఈ పూట అంతా బాదం ముద్ద కోసమే. దీని గురించి కాస్త పొడవుగా రాస్తాను. ఈ కుకీకి ప్రాణం రంగుల్లో లేదు, ఈ ముద్దలో ఉందని ఇవాళ నాకు గట్టిగా అనిపించింది.

పావు కిలో బాదంపప్పు. మసిలే నీళ్లలో ఒక్క నిమిషం వేసి, చన్నీళ్లలోకి తీసి, వేళ్ల మధ్య నొక్కితే పొట్టు ఊడి పప్పు ఎగిరి పడుతుంది. రాత్రంతా నానబెట్టే పద్ధతి అమ్మ ఒప్పుకోలేదు. నానితే పప్పు నీళ్లు తాగుతుంది, ముద్ద నిలవ ఉండదు అంది. పొట్టు తీశాక పాత కాటన్ చీర ముక్క మీద పరిచి గంటసేపు ఆరబెట్టాం. ఆ తర్వాత ఓవెన్‌లో 200 ఫారెన్‌హీట్‌లో పది నిమిషాలు. రంగు మారకూడదు, తడి మాత్రం పోవాలి. చల్లారాక అరగంట ఫ్రిజ్‌లో పెట్టాం.

ఇక మిక్సీ. నేనైతే మూత పెట్టి తిప్పేసేదాన్ని. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆపి ఆపి తిప్పు. ఒకే ఊపున తిప్పితే వేడెక్కి నూనె కక్కుతుంది, ఇక అది ముద్ద కాదు, లేహ్యం." 150 గ్రాముల పొడి చక్కెరలో సగం పప్పుతో పాటే వేశాం. బయటికొచ్చే నూనెను చక్కెర పీల్చుకుంటుంది. నాలుగైదు సార్లు తిప్పడం, మూత తీసి అంచులు గీరడం, జల్లించడం, మిగిలిన బరకను మళ్లీ తిప్పడం.

బాదం ముద్దను ఇక్కడ చాలామంది తెల్లసొన వేసి కలుపుతారు. పాకం పోసి కలిపే పద్ధతి కూడా ఉంది. మేం పాకం పట్టాం. అలాగైతే అమ్మ కూడా తినొచ్చు. 75 గ్రాముల చక్కెర, మూడు చెంచాల నీళ్లు, లేత తీగపాకం. వేడిగా ఉన్నప్పుడే పొడిలో పోసి, చేతికి చుక్క నెయ్యి రాసుకుని అమ్మ మదాయించింది. మొదట విడివిడిగా ఉన్నది ఐదు నిమిషాల్లో చపాతీ ముద్దలా దగ్గరికొచ్చింది. తూచితే 480 గ్రాములు. రెండు విడతలకు 225 చొప్పున తీసి ప్లాస్టిక్ కాగితంలో బిగించి చుట్టాను. మిగిలిన ముప్ఫై గ్రాములను అమ్మ రెండు ఉండలు చేసి ఒకటి పాపకు పెట్టి, ఒకటి తను నోట్లో వేసుకుంది.

నవంబరు 23, ఆదివారం

రెండో ప్రయత్నం.

ఈసారి వరస మార్చాను. బాదం ముద్దను చేత్తో చిన్న ముక్కలుగా తుంచి, చక్కెరతో కలిపి ముందు ఆ రెండే బీటర్‌లో తిప్పాను. చక్కెర పలుకులు ముద్దను నలిపి తడి ఇసుకలా చేస్తాయి. అప్పుడు వెన్న, తర్వాత పచ్చసొనలు, ఎక్స్‌ట్రాక్ట్, చివర మైదా, ఉప్పు. వేరే గిన్నెలో తెల్లసొనలు నురగ నిలబడేదాకా కొట్టి నెమ్మదిగా కలిపాను. ఒక్క గడ్డ కూడా లేదు. మొత్తం పిండి తూచి మూడు గిన్నెల్లో 380 గ్రాముల చొప్పున వేశాను. వంటింటి త్రాసు లేనివాళ్లు ఈ పనికి దిగకముందే ఒకటి కొనుక్కోండి.

రంగు ఈసారి జెల్. చుక్క రంగులో నీళ్లే ఎక్కువ, జెల్ చిక్కగా ఉంటుంది, పుల్ల కొసకు అంటినంత వేసినా పట్టేస్తుంది. ఎరుపు ఎరుపుగానే వచ్చింది. అయితే నురగ కలిపాక రంగు వేసి మళ్లీ కలపడంతో నురగ కూర్చుండిపోయింది. రంగు పొరలు రెండూ కాస్త బిరుసుగా, తెల్లది మాత్రం మెత్తగా వచ్చాయి. తేడా ఎక్కడుందో దాన్ని బట్టే తెలిసింది.

పొరలు పేర్చి జామ్ రాసి పైన బరువు పెట్టాను. ఇనప పెనం, దాని మీద రెండు లావుపాటి పుస్తకాలు. రాత్రి రెండింటికి లేచి చూస్తే పెనం పిడి వైపు ఒరిగింది, జామ్ ఒక పక్కకి కారి ట్రేలో చేరింది. జామ్‌లో ఆప్రికాట్ ముక్కలున్నాయి, అవి ఉన్న చోటల్లా పైపొర ఉబ్బింది.

రుచి మాత్రం! మా ఆయన ఒక ముక్క తిని మాట్లాడకుండా ఇంకో ముక్క తీసుకున్నారు. కొన్న మార్జిపాన్‌కీ దీనికీ పోలికే లేదు. నోట్లో ముందు బాదం తెలుస్తుంది, తీపి తర్వాత వస్తుంది.

నవంబరు 28, శుక్రవారం

నిన్న థాంక్స్‌గివింగ్. ఇవాళ సాయంత్రం వీధి చివరింటి పెద్దావిడకి నాలుగు ముక్కలు తీసుకెళ్లి చూపించాను. ఆవిడ తాతగారివాళ్లు సిసిలీ నుంచి వచ్చినవాళ్లు. చిన్నప్పటి నుంచీ ప్రతి క్రిస్మస్‌కీ ఇంట్లో ఇవి చేసేవాళ్లట. వేళ్ల కీళ్ల నొప్పుల వల్ల ఆవిడ మూడేళ్లుగా చెయ్యడం లేదు.

ఈ కుకీ ఇటలీ నుంచి వచ్చిందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. పుట్టింది అమెరికాలోనే. 1880 నుంచి 1924లో వలసల కోటా చట్టం మరింత బిగిసేదాకా ఇటలీ నుంచి దాదాపు 40 లక్షల మంది ఇక్కడికి వచ్చారు, ఎక్కువమంది దక్షిణాది పేదలు. అక్కడ పండగ మిఠాయిల్లో బాదం ముద్దకి పెద్ద పీట. పలెర్మోలో మార్తొరానా కాన్వెంటు పేరు మీద బాదం ముద్దతో చేసిన పళ్ల బొమ్మలు ఇప్పటికీ ప్రసిద్ధి. అలాంటి బాదం రుచి తెలిసిన చేతులు ఇక్కడ విడిచి వచ్చిన దేశం జెండా రంగులతో కేకు చేశాయి. న్యూయార్క్‌లో ఫెరారా బేకరీ 1892 నాటిది, వెనియెరోస్ 1894 నాటిది, రెండూ ఇంకా నడుస్తున్నాయి. ఆ తర్వాత యూదుల దుకాణాలు కూడా ఈ కుకీని తమది చేసుకున్నాయి. వాళ్ల ఆహార నియమం ప్రకారం మాంసం తిన్న భోజనంలో పాల పదార్థం కలవకూడదు కాబట్టి వాళ్లు వెన్న బదులు మార్గరీన్ వేస్తారు.

ఊరు విడిచి వచ్చినవాళ్లు ఊరి రుచిని ఇక్కడ దొరికే సరుకుతో మళ్లీ కట్టుకోవడం నాకు కొత్త కాదు. ఇక్కడి కాలిఫోర్నియా బాదంతోనే కదా అమ్మ తెనాలి పద్ధతిలో ముద్ద చేసింది. ప్రపంచంలో పండే బాదంలో ఐదింట నాలుగు వంతులు ఆ ఒక్క రాష్ట్రానివే.

ఆవిడ నా ముక్కను పక్కకి తిప్పి, పొరలను వేలితో ఒత్తి చూశారు. మూడు మాటలు చెప్పారు. జామ్‌ని వేడి చేసి వడకట్టాలి, పొర కనపడీ కనపడనంత పల్చగా రాయాలి. బరువు ఒక చోట పడకూడదు. ఆవిడ 28 ఔన్సుల టొమాటో డబ్బాలు నాలుగు మూలలా నాలుగు పెట్టేవారట. మూడోది, చాక్లెట్ పూర్తిగా గట్టిపడకముందే గీతలు పెట్టుకోవాలి. "బాదం ఎక్కడ కొన్నావు?" అని అడిగారు. అమ్మ చేసిందన్నాను. ఆ మాటకి ఆవిడ మిగిలిన మూడు ముక్కలూ డబ్బాలో పెట్టి దాచుకున్నారు.

ఇంటికొచ్చి జామ్ సీసా మూత తీస్తే అమ్మ గుర్తుపట్టింది. హైదరాబాద్ పెళ్లిళ్లలో తిన్న ఖుబానీ కా మీఠాలోదే ఈ పండు. "దాని పైన గింజ పగలగొట్టి లోపలి పప్పు వేస్తారు, అచ్చం బాదంలా ఉంటుంది" అంది. ఆల్మండ్ ఎక్స్‌ట్రాక్ట్ సీసా అమ్మ ముక్కు దగ్గర పెట్టాను. "అదే! ఆ గింజ వాసనే!" అంది. బాదం, ఆప్రికాట్ ఒకే కుటుంబం చెట్లు. ఎక్స్‌ట్రాక్ట్‌కి ఆ వాసననిచ్చే బెంజాల్డిహైడ్ చేదు బాదంలోనే కాదు, ఆప్రికాట్ గింజలోనూ ఉంటుంది. ఈ కుకీలో బాదం పక్కన వేరే జామ్ ఎందుకు ఇంతగా కుదరదో నాకు అప్పుడు అర్థమైంది. బేకరీల్లో రాస్ప్‌బెర్రీ వేసినవి కూడా అమ్ముతారు. నా ఓటు ఆప్రికాట్‌కే.

డిసెంబరు 4, గురువారం

చిన్న పరీక్ష, కప్పు పిండితో. అమ్మ అడిగిందని ఎరుపుకి బీట్‌రూట్ పొడి వేసి చూశాను. పచ్చి పిండి అందమైన గులాబీ రంగులో ఉంది. ఓవెన్‌లో పది నిమిషాలకు మట్టి రంగుకి తిరిగింది. బీట్‌రూట్ రంగు వేడికి నిలవదు. జెల్ రంగే ఖాయం. ఎరుపు రంగుల్లో రెడ్ 3ని ఆహారంలో వాడకుండా 2025 జనవరిలో ఇక్కడ నిషేధించారు, కంపెనీలకు 2027 జనవరి దాకా గడువు ఇచ్చారు. నా డబ్బా మీద చూశాను, అందులో ఉన్నది రెడ్ 40. అయినా అవసరమైనంతే వేస్తాను. ఎక్కువైతే నాలుకకి చేదు తగులుతుంది కూడా.

డిసెంబరు 11, గురువారం రాత్రి

అసలు విడత. మధ్యాహ్నం నుంచే టెన్షన్. అమ్మ దాచిన రెండో 225 గ్రాముల ముద్దను ముందు రోజే ఫ్రిజ్‌లోంచి తీసి మెత్తబరిచి పెట్టింది.

మార్చినవి: తెల్లసొన కలపకముందే మూల పిండిని మూడు గిన్నెలకు తూచి పంచాను, రంగులు అప్పుడే వేశాను. నురగ చివర్లో కొట్టి, మూడు వాటాలు చేసి, ఒక్కో గిన్నెలో కలిపాను. రంగు కోసం మళ్లీ కలపాల్సిన పని లేదు, నురగ దిగలేదు. మూడో ట్రే కొన్నాను. రెండు ట్రేలు పై అరలో పక్కపక్కన, ఒకటి కింది అరలో, ఐదో నిమిషంలో చోట్లు మార్చాను. పది నిమిషాలకు మధ్యలో వేలితో నొక్కితే తిరిగి లేచింది, అంచులు రంగు తిరగలేదు. తిరిగి ఉంటే ఆకుపచ్చ ఆలివ్ రంగులోకి పోయేది.

పల్చటి పొరలు తీసేటప్పుడు విరుగుతాయి. అందుకని బేకింగ్ కాగితం ట్రే అంచులు దాటేలా పరిచాను, రెండు చెవులు పట్టుకుని ఎత్తేశాను. గంట చల్లారనిచ్చాను. కింద ఆకుపచ్చ, వడకట్టిన జామ్ పావు కప్పు, దాని మీద తెలుపు, మళ్లీ పావు కప్పు, పైన ఎరుపు. పైన కాగితం, ఖాళీ ట్రే.

బరువుకి డబ్బాలు వెతుకుతుంటే అమ్మ కందిపప్పు సంచి తెచ్చింది, నాలుగు పౌండ్లది, విప్పనిది. ట్రేలో పడుకోబెట్టి చేత్తో సర్దితే మూల మూలకూ సమంగా పరుచుకుంది. ఇంతకన్నా మంచి బరువు ఉండదు. దాని పక్కన మినప్పప్పు సంచి కూడా పెట్టాం.

డిసెంబరు 12, శుక్రవారం

పొద్దున సంచులు తీస్తే బల్ల చెక్కినట్టు ఉంది.

170 గ్రాముల నల్ల చాక్లెట్, ఒక చెంచా నూనె. నూనె వల్ల చాక్లెట్ మరీ పెళుసెక్కదు. సగం అడుగువైపు పల్చగా రాసి పావుగంట ఫ్రిజ్‌లో, తర్వాత కాగితం వేసి తిరగేసి మిగతా సగం పైన. పాప ఫోర్కుతో అలల గీతలు గీసింది. వేలితో తాకితే అంటుకోని, నొక్కితే గుర్తు పడే దశలో స్కేలు పెట్టి కోత గీతలు గీశాను.

డిసెంబరు 13, శనివారం

అరగంట బయట పెట్టాక కోత. రంపపు పళ్ల బ్రెడ్డు కత్తి, పక్కన గిన్నెలో వేణ్నీళ్లు. ప్రతి కోతకీ ముంచి, తుడిచి, రంపంలా ముందుకీ వెనక్కీ లాగాలి, కిందికి నొక్కకూడదు. నాలుగు అంచులూ అర అంగుళం చొప్పున తీసేస్తే 12కి 8 అంగుళాలు మిగిలింది. ఒకటిన్నరకి ఒక అంగుళం ముక్కలు, అరవై నాలుగు. చాక్లెట్ ఒక్క చోట కూడా లేవలేదు. ఏడు పొరలూ గీత గీసినట్టు కనిపించాయి. నేను అవి చూస్తూ కాసేపు అలాగే నిలబడిపోయాను.

అరవై తీసుకెళ్లాను. డబ్బా మీద "బాదం, గుడ్డు, పాలు, గోధుమ" అని పెద్ద అక్షరాలతో రాసి అంటించాను. ఇలాంటి చోట ఎవరి ఒంటికి ఏది పడదో తెలియదు. చివరింటి పెద్దావిడ ఒకటి తీసుకుని ముందు పక్కనుంచి చూశారు, తర్వాత కొరికారు. తినడం అయ్యాక అమ్మ దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు. ఆవిడ ఇంగ్లీషులో ఏదో అన్నారు, అమ్మ తెలుగులో "మీరు చెప్పిన చిట్కాలే కదండీ" అంది. ఇద్దరి మధ్య నేను దుబాసీగా నిలబడకుండానే పని జరిగిపోయింది.

డిసెంబరు 14, ఆదివారం

మిగిలిన నాలుగు ముక్కలు, అంచుల తునకలు పాప డబ్బాలో ఉన్నాయి.

అమ్మ ఇంకా వీటి రుచి చూడలేదు. రాత్రి పడుకునే ముందు అడిగింది, "జనవరి 26కి గుడ్డు లేకుండా చెయ్యగలవా? ఆ మొదటిసారి వచ్చిన రంగుల్లోనే." నురగ లేకుండా పొర మెత్తగా ఎలా వస్తుందో చూడాలి. పెరుగూ వంట సోడాతో ఒకటి, సెనగలు ఉడికించిన నీళ్లను నురగ కొట్టి ఒకటి, రెండూ చిన్న గిన్నెలో చేసి చూస్తాను. కాషాయానికి కాసింత పసుపు, జెల్ ఎరుపు. జామ్ మారదు.

ముద్ద పని మాత్రం అమ్మది. ఇప్పుడే వచ్చి చెప్పింది, బాదం అయిపోయిందట, ఈసారి అరకిలో తెమ్మంది.